పసుపు కవరు

బెర్లిన్ భూగర్భ రైలు స్టేషన్లలో హైదరాబాద్ మెట్రోలోలా గేట్లుండవు. మెట్లు దిగితే నేరుగా ప్లాట్‌ఫాం, ఎదురుగా రైలు. కొత్తగా దిగిన తెలుగు కుర్రాడు మెషీన్‌లో టికెట్ కొని, జేబులో పెట్టుకుని ఎక్కేస్తాడు. ప్లాట్‌ఫాం మీది చిన్న పెట్టెలో ఆ కాగితం దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. తలుపులు మూసుకోగానే, అప్పటిదాకా మామూలు ప్రయాణికుల్లా నిలబడ్డవాళ్లు గుర్తింపు కార్డులు తీసి టికెట్లు అడుగుతారు. ముద్ర పడని టికెట్ ఉన్నా లేనట్టే. 60 యూరోలు కట్టాలి. 2015కు ముందు 40 ఉండేది.

ఈ 60 యూరోలను తప్పుపట్టలేం. జనాన్ని నమ్మి గేట్లు పెట్టని ఊరికి ఆ మాత్రం జరిమానా ఉండాల్సిందే. బాధంతా ఆ తర్వాతి దాని గురించే.

జర్మనీ శిక్షాస్మృతిలో 265ఎ సెక్షన్ ప్రకారం టికెట్ లేని ప్రయాణం నేరం. ఏడాది దాకా జైలు, లేదా కోర్టు జరిమానా. నాజీల ఏలుబడిలో, 1935లో చేర్చిన సెక్షన్ ఇది. పదేపదే దొరికినవాళ్ల మీద రవాణా సంస్థలు ఫిర్యాదు చేస్తాయి. అప్పుడు కోర్టు మనిషి రోజు ఆదాయాన్ని బట్టి, ఇన్ని రోజుల ఆదాయమని జరిమానా వేస్తుంది. కట్టలేకపోతే జైలే. ఇదివరకు 30 రోజుల జరిమానాకు 30 రోజులు లోపల ఉండాల్సి వచ్చేది. 2024 ఫిబ్రవరి నుంచి 15 రోజులు. సగానికి తగ్గించారు గానీ ఎత్తేయలేదు.

మన రైల్వే చట్టంలోనూ మోసంతో టికెట్ లేకుండా ప్రయాణిస్తే ఆరు నెలల దాకా జైలు రాసి ఉంది. కాబట్టి ఇది ఒక్క జర్మన్ల కాఠిన్యమని అనలేం. కానీ టికెట్ కొనలేని మనిషిని, ఆ జరిమానా కూడా కట్టలేదని జైల్లో వేసి, ప్రజల డబ్బుతో తిండి పెట్టడంలో న్యాయం ఎక్కడుంది? అలా వెళ్లేవాళ్లలో ఇల్లు లేనివాళ్లు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఎక్కువ. 2021లో పాత్రికేయుడు ఆర్నే సెమ్స్‌రాట్ మొదలుపెట్టిన ‘ఫ్రైహైట్స్‌ఫాండ్స్’ విరాళాలు పోగుచేసి, వాళ్ల జరిమానాలు కట్టి వెయ్యి మందికి పైగా విడిపించింది. ఇలాంటి కేసుల్లో ఇక ఫిర్యాదులు వద్దని 2023లో కొలోన్ నగర మండలి తీర్మానించింది. దేశమంతటా ఆ పని జరగాలి.

మన విద్యార్థులకు చాలాచోట్ల యూనివర్సిటీ పాస్ ఉంటుంది కనుక ధీమా. అది చేతికి రాకముందటి వారాలే ప్రమాదం. పదేపదే దొరికి కేసు కోర్టు దాకా వెళ్తే, జరిమానా వేస్తూ కోర్టు ఉత్తర్వు పసుపు కవరులో వస్తుంది. తెచ్చిన తేదీని పోస్ట్‌మన్ కవరు మీద రాసి డబ్బాలో వేస్తే చాలు, అందినట్టే లెక్క. అభ్యంతరం చెప్పడానికి ఆ తేదీ నుంచి రెండు వారాలే గడువు. అది దాటితే, జడ్జి ముందు నిలబడి మాట్లాడకుండానే శిక్ష ఖాయమవుతుంది. గది మారినవాళ్లు కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలి, పోస్టు డబ్బా మీద పేరు అంటించుకోవాలి. ఆ కవరు వస్తే భాష రాదని పక్కన పడేయకుండా, అదే రోజు విద్యార్థి సంఘం వాళ్ల న్యాయ సలహాకు పట్టుకెళ్లాలి. చాలా యూనివర్సిటీల్లో ఆ సలహాకు డబ్బు తీసుకోరు.