గండి పూడ్చిన పడవ



హాలండు దేశమును గూర్చి చిన్ననాడు బడిలో నేను నేర్చుకొన్నది ఒక్క మాటయే: అది సముద్రముకంటె పల్లముగా నున్న దేశమని. మా అనంతపురమో సముద్రమునకు వెయ్యి అడుగులకు పైగా ఎత్తున నున్నది. సంఘముల స్నేహయాత్రలో భాగముగా గడచిన వేసవిలో ఆ దేశమునకు వెళ్లి, పది దినములు ఒక కుటుంబమువారి యింట అతిథిగా నుంటిని. ఒక శనివారమునాడు వారు నన్ను ఊళ్లు చూపుటకు తీసికొనిపోయిరి. ఆ ఒక్క దినమును గూర్చియే వ్రాయుచున్నాను.

వారి యిల్లు గౌడా పట్టణములో నున్నది. అక్కడివారు దానిని హౌడా అందురు. యజమానుడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, ఎనుబది యేండ్లు దాటిన అతని తల్లి, ఇంతే కుటుంబము. ఉదయము రొట్టెతోపాటు వేరుసెనగ ముద్ద ఒకటి బల్లమీద పెట్టిరి. దానిని వారు ‘పిండకాస్’ అందురు. వేరుసెనగ జున్ను అని అర్థమట. మా సీమ రైతు కండ్లు కాయలు కాచునట్లు వానకెదురు చూచి పండించు బుడ్డలు ఇక్కడ జున్నయినవి గదా యని నవ్వుకొంటిని. బుడ్డలు చెట్టుకొమ్మలకు కాక మట్టిలోపల ఊరునని చెప్పగా ఆ పిల్లలు నమ్మలేదు.

మొదట కిండర్‌డైక్ అను చోటికి వెళ్లితిమి. లెక్ నది ప్రక్కన అక్కడ 19 గాలిమరలు వరుసగా నిలిచియున్నవి. వాటిలో చాలవరకు 1738, 1740 ప్రాంతములలో కట్టినవి. 1997లో యునెస్కోవారు వాటిని ప్రపంచ వారసత్వ స్థలముగా ఎంచిరి. గాలికి రెక్కలు తిరుగగా క్రిందనున్న చక్రము పల్లపు పొలములోని నీటిని ఎత్తి మెరక కాలువలో పోయును. అక్కడనుండి అది నదిలోనికి పోవును. ఇప్పుడు ఆ పని యంత్రపు పంపులు చేయుచున్నను, మరలను చెడనీయక కాపాడుచున్నారు. కొన్నిటిలో నేటికిని కాపురములున్నవి. మన కపిలయు ఏతమును నీటిని చేనికి పెట్టుటకే గదా. వీరి మరలు నీటిని పారబోయుటకు! మూడు బిందెల నీటికి తెల్లవారకముందే వరుసలో నిలుచు స్త్రీలను చూచిన నా కడుపు తరుగుకొనిపోయినది.

యజమానునితో ఆ మాటయే అంటిని. అతడు మా వానలెక్క అడిగెను. మాకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. వారికి 800 పైచిలుకు. తేడా నేననుకొన్నంత లేదు. కాని వారి వాన పండ్రెండు నెలలు సన్నగా పడును. మన వాన నాలుగు దినములు గుమ్మరించి పోవును, మిగిలినది ఎండ త్రాగును.

‘కిండర్‌డైక్’ అనగా పిల్లలకట్ట. 1421లో గొప్ప వరద వచ్చినప్పుడు ఒక ఉయ్యాలతొట్టి నీళ్లమీద తేలుచు వచ్చెననియు, లోపలి పసిబిడ్డ మునుగకుండ ఒక పిల్లి అటునిటు గంతులు వేయుచు తొట్టిని నిలిపెననియు అక్కడి కథ. కథయే కావచ్చును. నాకు మాత్రము నైలునది జమ్ములోని పెట్టె జ్ఞాపకమునకు వచ్చినది.

మధ్యాహ్నము న్యూవెర్కెర్క్ అను ఊరికి వెళ్లితిమి. మిగిలిన చోట్లకు రానని కూర్చున్న ఆ తల్లి ఇక్కడికి మాత్రము వచ్చెను. ఆమె పుట్టినది సముద్రపుటొడ్డుననున్న జేలాండు సీమలో. 1953 జనవరి 31 రాత్రి పెనుగాలికి సముద్రము కట్టలు తెంచుకొని వచ్చినప్పుడు ఆమె ఎనిమిదేండ్ల పిల్ల. ఒక రాత్రి, ఒక పగలు అటకమీద కూర్చుండిరట. ఆమె తమ్ముడు ఆ చలికి తాళలేకపోయెను. ఆ వరదలో ఆ దేశమున చనిపోయినవారు 1,836 మంది. ఇదంతయు ఆమె కన్నీరు లేక, కట్టవైపు చూచుచు చెప్పెను.

అదే రాత్రి న్యూవెర్కెర్క్ దగ్గర ఐసెల్ నదికట్టయు తెగసాగెను. అది తెగినయెడల వెనుకనున్న లక్షలాది జనుల యిండ్లు మునుగవలసినదే. ఆ దేశములో మిక్కిలి పల్లపు చోటు ఆ ప్రక్కనే యున్నది. సముద్రమట్టముకంటె ఇరువది రెండడుగులు క్రింద. అప్పుడు ఆ ఊరి మేయరు ఆజ్ఞ చొప్పున ఆరీ ఎవెఖ్రూన్ అను పడవవాడు ‘ఇద్దరన్నదమ్ములు’ అను పేరుగల తన పడవను గండిలోనికి నడిపి, తలుపు మూసినట్లు దానిని అడ్డముగా నిలిపెను. నీరు ఆగెను. అతడు బ్రదికెను. ఆ పడవకును పడవవానికిని అక్కడ స్మారకము కట్టియున్నారు.

మా ఊళ్లోనూ ఇట్టిది ఒకటి కలదని నేనంటిని. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగబోవగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చిననే నిలుచునని వాక్కు వినబడెనట. ఆమె తానే నీళ్లలోనికి నడచిపోయెనట. కట్టమంచి రామలింగారెడ్డిగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచున్న దినములలో దీనినే కావ్యముగా వ్రాసిరి. ముసలమ్మకట్ట అని నేటికిని పిలుచుచున్నాము.

కొడుకు తెలియజెప్పగా ఆ తల్లి కొంతసేపు ఊరకుండి, “నాయనా, మామగారు ఎందుకు దిగలేదు?” అని అడిగెను.

చిన్నప్పటినుండి ఎన్నోసార్లు ఆ కథ విని కన్నీరు పెట్టుకొన్నవారము. ఈ ప్రశ్న మాలో ఎవరును అడుగలేదు. ఆ యింటిలో మాట చెల్లనిది చిన్నకోడలే గదా. ఆ తల్లి ఇంకొకటి కూడ అడిగెను. “ఇప్పుడు ఆ కట్టలను ఎవరు చూచుచున్నారు?”

పూర్వము మా చెరువుకు నీరుగంటి యుండెడివాడు. తూము తెరచుట, మూయుట, కట్టమీద తిరుగుట అతని పని. కల్లములో అతనికి గింజలు కొలిచెడివారు. బోర్లు వచ్చినవి, ఎవరి నీళ్లు వారివైనవి, నీరుగంటి లేకపోయెను. కట్టనిండ సర్కారు తుమ్మ పెరిగినది. కరవుసీమకు వరద యేమి చేయునని అనుకొందుము గాని 2022 అక్టోబరులో అనంతపురము నడిమివంక పొంగి ఇండ్లలోనికి వచ్చినది.

ఆ సాయంకాలము భోజనమైన పిమ్మట, వారి అలవాటు చొప్పున బల్లయొద్దనే వాక్యము చదివి ప్రార్థించిరి. తరువాత యజమానుడు ఒక కాగితము తెచ్చి చూపెను. అది నీటిసభవారు పంపిన పన్ను చీటి. అట్టి సభలు ఆ దేశమంతట 21 కలవు. వాటిలో రైన్‌లాండు సభ 1255 నాటికే యున్నది. నాలుగేండ్లకొకసారి ఎన్నికలు జరుగును. మూడవ అంతస్తులో నుండువాడు సహితము కట్టల కొరకు పన్ను చెల్లింపవలెను. పూర్వము తన వంతు కట్టను బాగుచేయలేనివాడు కట్టలో పార గ్రుచ్చి వెళ్లిపోవలెనట. ఆ పారను పెరికినవానికే పొలమును, కట్టపనియును. కఠినమైన చట్టమే. మా యూరిలో అయితే కట్టనిండ పారలే యుండును.

ఆ చీటికి నకలు అడిగి తెచ్చుకొని, ఇంటికి వచ్చిన రెండవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్దలకును ఊరి రైతులకును చూపితిని. కొందరు నవ్విరి. ఒకరు, “ఇది మన రూపాయలలో ఎంత?” అని అడిగిరి. చివరకు ఇంటికొకరు చొప్పున శనివారము కొడవళ్లతో రావలెనని ఒప్పందమైనది. పదునొకండుగురు వచ్చిరి. తూము మొదలుకొని చింతచెట్టు వరకు కంప కొట్టితిమి. చింతచెట్టు అవతల మరవవరకు ఇంకను అట్లే యున్నది.