ఒకినావాలో పాము జాడీ

జపాను దేశపు దక్షిణపు కొసన ఒకినావా దీవి ఉంది. దాని ముఖ్య పట్టణం నాహా. ఆ ఊరి కొకుసాయి వీధిలో నడుస్తూ ఒక దుకాణం ముందు మేమిద్దరం ఆగిపోయాము. అద్దాల వెనుక గాజు జాడీలు, వాటిలో తేనె రంగు ద్రవం. ఒక్కొక్క జాడీలో చుట్ట చుట్టుకొని, నోరు తెరిచి, కోరలు చూపిస్తూ ఒక్కొక్క పాము!

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మా వెంట ఉన్నాడు. "ఇది హబుషు అమ్మా, పాము సారా. ఇక్కడివారికి మందు" అన్నాడు. మన తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయి గదా. ఇక్కడ రెండూ ఒకే జాడీలో ఉన్నాయి.

హబు ఆ దీవుల విషసర్పం, మన రక్తపింజరకు దూరపు చుట్టం. రాత్రివేళ చెరకు తోటల్లోను, రాతిగోడల సందుల్లోను తిరుగుతుంది. 1960లలో కూడా ఏటా వందలమందిని కాటు వేసేది. ఇప్పుడు ఆ సంఖ్య వందకు లోపే. దీన్ని అణచడానికి 1910లో గంగా తీరపు ముంగిసలను తెచ్చి వదిలారు. పాముకూ ముంగిసకూ ఉన్న వైరం మనకు కొత్త కాదు. అయితే ముంగిస పగటి జీవి, హబు రాత్రి తిరిగేది. రెండూ ఎదురుపడితే గదా! మన ముంగిసలు హబును వదిలి, ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని, సరిగా ఎగరలేని యన్‌బారు కుయినా అనే పక్షి మీద పడ్డాయి.

పామును నానబెట్టే సారాను అవమోరి అంటారు. థాయిలాండు నుండి వచ్చే పొడవు గింజ బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, నల్ల బూజు పట్టించి, పులియబెట్టి, బట్టీ పెడతారు. పామును కొన్ని వారాలు మేత లేకుండా ఉంచి, కడుపు ఖాళీ అయ్యాక సారాలో ముంచుతారు. పేగులు తీసివేసి వేసేవారూ, మూలికలూ తేనే కలిపేవారూ ఉన్నారు. మరి విషం మాటేమిటి? విషమంటే ముఖ్యంగా మాంసకృత్తులే. ఘాటైన సారాలో చాలాకాలం నానితే అవి చెడిపోయి పని చేయవు. నడుము నొప్పికి, కీళ్ళకు, నీరసానికి, మగవారి బలానికి మంచిదని అక్కడి నమ్మకం. తాగగానే ఒళ్ళు వెచ్చబడి నొప్పి తగ్గినట్టుంటుంది. అది సారా చేసే పని. దానికి పాము అక్కరలేదు.

నాన్‌జో అనే ఊరిలో ఒక అవ్వగారి ఇంట్లో రెండు రాత్రులు బస చేశాము. అవ్వను అక్కడ ఓబా అంటారు. ఎనభై దాటినా తోటపని మానలేదు. మాలో ఒకరు మోకాలు పట్టుకొని మెట్లెక్కడం చూసి, ఆమె అలమరలో నుండి ఒక జాడీ దించింది. మూడు చిన్న గిన్నెలు కూడా పెట్టింది.

మాకు కాళ్ళు చేతులు ఆడలేదు. సారా వలన మా పెద్దల కాలంలో రెండెకరాల మాగాణి పోయింది. ఆ ఇంటి ఆడవారు పడిన కష్టం మేము కళ్ళారా చూసినది. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారని విని మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాము. ఇప్పుడు పరదేశంలో, ప్రేమతో పోసిన గిన్నె ముందు కూర్చున్నాము.

"నాన్నగారూ, వద్దంటే ఆమె బాధపడదు. కాని ఆ మూత అందరికీ తీయదు" అన్నాడు అబ్బాయి. కడుపు జబ్బు నిమిత్తం పౌలు తిమోతికి ఇచ్చిన సలహా కూడా గుర్తు చేశాడు. "అది ద్రాక్షారసం బాబూ, పాము కాదు" అన్నాము.

చివరకు మాలో ఒకరు పెదవి తడిసేంత పుచ్చుకున్నారు. ముందు మంట, తరువాత ఎండుచేప వాసన, చివర కొంచెం తీపి. రెండవవారు గిన్నె తీసుకోకుండా మోకాలు చూపించి, పైన రాయవచ్చునా అని అడిగించారు. ఓబా పగలబడి నవ్వింది. నవ్వుతూనే అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకొని, కింద కూర్చొని చాలాసేపు మర్దన చేసింది. నొప్పి తగ్గింది. సారా వలన తగ్గిందో, ఆమె చేతి వలన తగ్గిందో గాని, మా ఓటు చేతికే.

"మీరు రోజూ తాగుతారా?" అని అడిగించాము.

"నేనా? ఆ వాసన నాకు పడదు. మా ఆయన తాగేవాడు" అంది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. ఆ రాత్రి ఆమె తిన్నది కాకరకాయ, గుడ్డు, సోయా జున్ను కలిపిన వేపుడు. మాకూ అదే పెట్టింది.

ఆసియా దేశాలకు వెళ్ళేవారికి ఒక మాట. వియత్నాం, లావోస్ సంతల్లో నాగుపాము జాడీలు అమ్ముతారు. నాగుపాము అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జీవి. అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటిస్తే విమానాశ్రయంలో జాడీ లాగేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. ఊరూ పేరూ లేని సారాలో మిథనాల్ భయం వేరే ఉంది. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయారు. అందులో పాము ఏమీ లేదు.

మేము జాడీ కొనలేదు. బయలుదేరేటప్పుడు ఓబా కాగితంలో చుట్టి ఇచ్చిన నల్లబెల్లం మాత్రం తెచ్చుకున్నాము. మన అనకాపల్లి బెల్లానికి అది ఏమీ తీసిపోదు.