కొండమీది విశ్రాంతి

విశ్రాంతి యనునది దేవుడు మానవునికిచ్చిన వరములలో ఒకటి. అయితే మన యిండ్లలో ఆ వరము అందరికిని సమముగా పంచబడుచున్నదా? గత వేసవిలో మా కుటుంబము ఒక దినము కొడైకెనాల్ కొండకు పోయివచ్చినది మొదలు ఈ ప్రశ్న నా మనస్సును విడువకున్నది.

కొడైకెనాల్ తమిళనాడులో పళని కొండలమీద సుమారు 7,000 అడుగుల ఎత్తున నున్న ఊరు. మధుర ప్రాంతములో పనిచేయుచుండిన అమెరికా మిషనరీలు మైదానపు ఎండకును జ్వరములకును తాళలేక 1845లో అక్కడ మొదటి బంగళాలు కట్టుకొనిరి. 1863లో వేర్ లెవింజ్ అను దొర అక్కడి వాగులకు కట్ట వేయించి సరస్సును నిర్మించెను. నక్షత్రపు ఆకారముగల ఆ సరస్సు చుట్టును నడచినయెడల సుమారు 5 కిలోమీటర్లు. అందులోని మొదటి పడవను తూత్తుకుడి నుండి తెప్పించినది ఆయనే యని చెప్పుదురు. ఆ కాలమున కొండమీదికి బండిదారి లేదు. మరి దొరలును దొరసానులును ఎట్లు ఎక్కిరి? కొందరు గుఱ్ఱములమీద, అనేకులు డోలీలలో కూర్చుండి బోయీల భుజములమీద ఎక్కిరి. పైన చల్లగాలి పీల్చినవారి పేర్లు గ్రంథములలో కలవు. మోసినవారి పేర్లు ఎక్కడను కానరావు.

ఇప్పుడు మంచి రోడ్డు కలదు; డోలీలు లేవు. అయినను మోయువారు మాత్రము నేటికిని ఉన్నారు.

మా అక్కయ్య అల్లుడు మధురలో ఉద్యోగము చేయుచున్నాడు. వారి యింటికి చుట్టపుచూపుగా పోయిన మేమందరము, పిల్లలతో కలిసి పదకొండుమందిమి, ఒక వ్యాను మాట్లాడుకొని తెల్లవారకమునుపే బయలుదేరితిమి. అక్కయ్య రాత్రి మూడు గంటలకే లేచి పులిహోర కలిపి, పూరీలు వేయించి, పసిబిడ్డకు పాలు కాచి సీసాలో పోసినది. మా బావగారు రెండేండ్లు పక్షవాతముతో మంచమున నుండగా ఆమెయే ఆయనకు సేవ చేసినది. ఆయన ప్రభువునందు నిద్రించి అప్పటికి ఏడాది నిండలేదు.

సరస్సు చేరగానే పిల్లలు, పెద్దలు పడవలవైపు పరుగెత్తిరి. మోకాళ్ల నొప్పిచేత నేను గట్టుననే కూర్చుంటిని. అక్కయ్యయు గిన్నెల మూటలు, అందరి చెప్పులు దగ్గర పెట్టుకొని, పసిబిడ్డను ఒడిలో వేసికొని కూర్చున్నది. నేను చూచుకొందును, నీవు వెళ్లుమనినను కదలలేదు. కొంతసేపటికి ఆమె మనుమరాలు తిరిగివచ్చి, “అమ్మమ్మ పడవ ఎక్కలేదేం, నాన్నా?” అని అడిగినది. అల్లుడు ఒక్క నిమిషము మౌనముగా నిలిచి, బిడ్డను తన చేతులలోనికి తీసికొనెను.

“అత్తయ్యగారూ, మీరు వెళ్లండి. నేను కూర్చుంటాను.”

“నాకెందుకు బాబూ? ఈ గిన్నెలు ఎవరు చూస్తారు?”

“గిన్నెలు నేను చూస్తాను. మీరు సరస్సు చూడండి.”

మనుమరాలు చేయి పట్టుకొని తీసికొనిపోగా ఆమె వెళ్లినది. అరగంటకు తిరిగివచ్చి నా ప్రక్కన కూర్చుండి, “చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఎన్నేళ్లయిందో, చెల్లీ!” అనినది. అంతకంటె ఏమియు చెప్పలేదు. వెంటనే లేచి ఒక పొట్లము కట్టి, పడవ నడిపిన తమిళునికి ఇచ్చివచ్చినది. భాష రాకున్నను ఆకలి సంగతి చేతిసైగతోనే అడిగి తెలిసికొనినదట. ఘాటు రోడ్డు మలుపులన్నిటిని త్రిప్పి అలసిన మా డ్రైవరును అల్లుడు మొదట భోజనమునకు కూర్చుండబెట్టి, పిమ్మట రెండు గంటలు నిద్రపొమ్మనెను.

తిరుగుదారిలో సిల్వర్ కాస్కేడ్ అను జలపాతమును చూచితిమి. సరస్సులో నిండి పొర్లిన నీరే అక్కడ సుమారు 180 అడుగులు క్రిందికి దుముకుచున్నది. పైన నెమ్మదిగా నిలిచిన నీరు, సోమరియై అక్కడనే యుండక, పల్లమునకు పోవుచున్నది. నిజమైన విశ్రాంతియు అట్టిదే. దానిని పొందినవారు దానిని ఇతరులకు పారనిత్తురు.

విశ్రాంతిదినమును గూర్చిన ఆజ్ఞను మరల చదివి చూడుడి. అది యింటి యజమానునితో ఆగిపోలేదు. కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, పశువును, పరదేశిని ఒక్కొక్కరిగా చెప్పుచున్నది. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తామును దాసులై యుండిన సంగతి మరువరాదని ద్వితీయోపదేశకాండము జ్ఞాపకము చేయుచున్నది. ఒకరు మోయగా మరియొకరు అనుభవించు విశ్రాంతి దేవుడు నియమించినది కాదు.

మనలో అనేకులము కొడైకెనాల్ చూడలేకపోవచ్చును. అందుకు చింత లేదు. మన ఊరి చెరువుగట్టు చాలును. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసి యింటికి వచ్చిన తరువాత, మీ భోజనము వడ్డించుచు ఇంకను నిలువబడియున్న దెవరో తల యెత్తి చూడుడి. ఆ చేతిలోని గరిటెను మీరందుకొని, ఆమెను కూర్చుండబెట్టుడి.