స్కైవార్ప్ నలుపు

జూన్ 14, శనివారం

పెట్టె విప్పాను. స్కైవార్ప్, ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ. ఒళ్లంతా నలుపు. పిడికిళ్లు, పాదాలు వంగపండు రంగు. తొడలు బూడిద, రెక్కల మీద వెండి చారలు, ఛాతీ మీద పసుపు గాజు.

షెల్ఫులో స్టార్‌స్క్రీమ్ పక్కన నిలబెట్టా. అవే భుజాలు, అవే రెక్కలు, అదే ముఖం. అచ్చు ఒకటే కదా. అతడి ఎరుపూ నీలమూ గుమ్మంలోంచే కనబడుతున్నాయి. ఇతనేమో దగ్గరికెళ్తే గానీ ఆనడం లేదు.

రంగు వేశారా, తీసేశారా?

జూన్ 15, ఆదివారం

తమ్ముడు ఫోన్ చేశాడు. "పాత బొమ్మకే కొత్త రంగు గదక్కా అది! నీకు స్టార్‌స్క్రీమ్ చాలదా?"

1984లో మొదటి ముగ్గురూ అంతే. స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్. ముగ్గురికీ ఒకే ఎఫ్-15 విమానం. అంతకుముందు అదే బొమ్మ జపాన్‌లో టకారా వాళ్ల డయాక్లోన్ వరుసలో ఉండేది, కాక్‌పిట్‌లో కూర్చునే బుల్లి పైలట్‌తో. అప్పుడది ఒక యంత్రం, అంతే. ట్రాన్స్‌ఫార్మర్స్ అయ్యాకే దానికి పేరు, కోపం, పొగరు. ముగ్గురు వేరు వేరు మనుషులయ్యారు.

రంగు మారకపోతే అయ్యేవారా?

జూన్ 18, బుధవారం

పొద్దున్నుంచీ ముసురు. బాల్కనీలోకి తెచ్చి చూశా. ట్యూబ్‌లైటు కింద కటిక నలుపు. ఇక్కడ లోపల ఏదో నీలి ఛాయ ఉంది.

రెక్కల మీది ప్యానెల్ గీతలు మాత్రం ఎక్కడివక్కడే మాయం. బొమ్మను ఏటవాలుగా పట్టుకుంటే తప్ప తేలవు. బూడిద రంగు మీద అవే గీతలు వాటంతటవే కనబడతాయి. అచ్చు చెక్కినవాడి శ్రమంతా నలుపు మింగేసింది.

కానీ రెక్క అంచు... అంత పదునుందని ఇన్నాళ్లూ స్టార్‌స్క్రీమ్‌లో చూడలేదే.

జూన్ 21, శనివారం

మణికట్టు దగ్గర ఆగిపోతోంది చూపు. పిడికిలి వంగపండు, పైన పట్టీ నేరేడు. రెండూ ఒకటే కావాలి. పిడికిలిది ప్లాస్టిక్‌లోనే కలిపిన రంగు. పట్టీది నలుపు మీద పూసింది. పూత పలచనైతే కింది నలుపు పైకి తన్నుకొస్తుంది. ముందు తెల్లపూత వేసి, దాని మీద వేస్తే?

పూత మందమైతే కీలు పట్టేస్తుంది. తిప్పిన కొద్దీ రాసుకుపోతుంది కూడా. అందుకేనేమో, ఒరుసుకునే చోట్లన్నీ ప్లాస్టిక్ రంగునే ఉంచేశారు.

అయినా ఆ పట్టీ...

జూన్ 24, మంగళవారం

తొడలు ఎందుకు బూడిద? నలుపే ఉంటే కాళ్లు పొడుగ్గా కనబడేవి.

ఒకే అచ్చులో పక్కపక్కన పోసే భాగాలన్నిటికీ ఒకే ప్లాస్టిక్ వెళ్తుంది. తొడ రంగు మార్చాలంటే దానితో పాటు పోసేవన్నీ మారాలి, లేదా ప్రతి ముక్కకూ విడిగా పూత వెయ్యాలి. చీరకైతే అంచు రంగు ఒక్కటీ మార్చి నేయొచ్చు. ఇక్కడ అంచు మారిస్తే కొంగూ మారిపోతుంది.

అంటే, ఏ ముక్క రంగు ఏ ముక్కతో కలిసి నడవాలో మొదటి బొమ్మ అప్పుడే తేలిపోయింది. తర్వాత రంగులు ఎంచినవాళ్లు ఆ హద్దుల్లోనే మరో మనిషిని చెయ్యాలి. ఎంత కష్టం!

జూన్ 28, శనివారం

విమానంగా మార్చాను. ఛాతీ మీద వాలిన ముక్కు ముందుకి లేచింది. చేతులు రెక్కల కిందికి పోయాయి. పాదాలు ఇంజన్ నాళాలయ్యాయి.

వంగపండు రంగంతా వెనక్కి జరిగింది! నిలబడినప్పుడు కాళ్లకీ చేతులకీ సమంగా పంచినట్టున్న రంగు, ఎగిరేటప్పుడు తోక దగ్గర నిప్పు. ఒకే పంపకం, రెండు రూపాలకీ సరిపోయింది. ఇది కాకతాళీయం కాదు. ఎవరో కూర్చుని ఆలోచించారు.

ఆ పసుపు గాజును బొటనవేలితో మూసి చూశా. బొమ్మ మొత్తం చల్లారిపోయింది. వేలు తీశా. మళ్లీ వెచ్చగా. అంత చిన్న ముక్క!

జూలై 2, బుధవారం

స్టార్‌స్క్రీమ్‌ని పై అరకి మార్చేశా. తెల్లగోడ ముందు ఇతనొక్కడే.

కార్టూన్‌లో ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలేది ఇతనే. మొదటి భాగంలో, లక్షల ఏళ్ల నిద్ర తర్వాత భూమ్మీద ముందుగా లేచిందీ ఇతనే. అలాంటివాడికి ఎరుపూ నీలమూ ఎలా నప్పుతాయి? మాయమయ్యేవాడికి నలుపే కావాలి.

మరి వంగపండు? వెళ్లిపోయాక ఒక్క క్షణం కంట్లో మిగలడానికా?

జూలై 5, శనివారం

తమ్ముడొచ్చాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ గీతల్లో వెండి రంగు నింపెయ్యక్కా. వివరాలన్నీ లేచొస్తాయి."

"వద్దురా. అవి అణిగే ఉండాలి. మణికట్టు పట్టీ ఒక్కటీ సరిచేస్తా."

"అంత నచ్చిందా? మరి పదికి ఎన్ని?"

పూతకి ఆరు. నలుపుకి తొమ్మిది. పసుపు గాజుకి పదికి పది. అన్నీ కలిపితే ఎంతవుతుంది? అలా కలపొచ్చా అసలు?

వాడు వెళ్తూ అన్నాడు, థండర్‌క్రాకర్ ఎక్కడో దొరుకుతోందట. నీలం ఒళ్లు, రెక్కల మీద ఎర్ర చారలు. తెప్పించమన్నా. నీలం మీద ఆ గీతల్లో ఏవి తేలతాయో, ఏవి మునుగుతాయో... చూడాలి.