జలపాతం కోసం వెళ్తే...

మంచు, జలపాతం... ఒక్క రోజులో రెండింటినీ కెమెరాలో బంధించాలని మన్యం బాట పట్టారు విశాఖ మిత్రులు. రెండూ చిక్కలేదు. చిక్కింది వేరే!

డిసెంబరు నెల. శనివారం అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం నుంచి ఓ కారు బయల్దేరింది. లోపల నలుగురు మిత్రులు, మూడు కెమెరాలు, రెండు ట్రైపాడ్లు, ఫ్లాస్కు నిండా టీ. అందరూ ఉద్యోగస్థులే. ఆదివారం వస్తే చాలు, కెమెరా భుజాన వేసుకుని ఊరు దాటేస్తారు. ఈసారి ప్రణాళిక ఘనంగానే ఉంది. తెల్లారేసరికి లంబసింగి మంచు, చింతపల్లిలో టిఫిను, పదింటికల్లా కొత్తపల్లి జలపాతం, రాత్రికి ఇల్లు.

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుండగానే మొదటి దెబ్బ. ముందు కార్లు, వెనక బైకులు, మలుపు మలుపుకీ హారన్లు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి 'ఆంధ్రా కశ్మీర్' అన్న పేరొచ్చాక చలికాలపు ఆదివారాల్లో ఇది మామూలే. వీళ్లు పైకి చేరేసరికి ఎండ వచ్చేసింది. మంచు లోయలో ఎక్కడో పల్చని తెరలా మిగిలింది. ఈ ఊరికి 'కొర్రబయలు' అని మరో పేరుంది. రాత్రి ఆరుబయట ఉంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని అర్థమట. మిత్రులు బిగుసుకుపోయింది మాత్రం ట్రాఫిక్‌లో!

రోడ్డు వెనక కథ

ఆ ఘాట్ రోడ్డుకో చరిత్ర ఉంది. బ్రిటిష్ హయాంలో నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో వెట్టి చాకిరీ చేయించాడు. పోడు మీద ఆంక్షలు సరేసరి. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు ఎత్తుకెళ్లారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చింతపల్లిలో ఇడ్లీ తింటూ మిత్రులు ఈ కథే చెప్పుకున్నారు. కబుర్లలో మరో గంట కరిగిపోయింది.

నడినెత్తిన సూర్యుడు

జి.మాడుగుల మండలంలోని కొత్తపల్లికి చేరేసరికి పన్నెండు. అడవి మధ్య బండల మీదుగా మెట్లు మెట్లుగా దిగే జలపాతం ఇది. వీళ్లు చూసిన ఫొటోల్లో పాలనురగలా దూకుతోంది. ఎదురుగా ఉన్నది మాత్రం బండల సందుల్లోంచి జారే సన్నని ధార! ఈ కొండల్లో జలపాతాలకు ప్రాణం వానలే. నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాక ధార రోజురోజుకీ చిక్కిపోతుంది. మంచు కోసం జనం ఎగబడే కాలమూ అదే.

దానికి తోడు ఎండ. నీటి ధార పట్టులా రావాలంటే షట్టర్ అరసెకను పాటైనా తెరిచి ఉంచాలి. మిట్టమధ్యాహ్నం అలా తెరిస్తే ఫొటో అంతా తెల్లకాగితమే. పోనీ ఫిల్టర్ బిగిద్దామంటే, ఫ్రేము నిండా స్నానాలు చేసేవాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు. ఖాళీ ఫ్రేము కోసం రెండు గంటలు కూర్చున్నారు. దొరకలేదు. నలుగురిలో ఎవరూ మాట్లాడకుండా ట్రైపాడ్లు మడిచేశారు.

గెడ్డ దిగాక రండి

తిరుగుదారిలో రోడ్డు పక్కన టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగలు. టీ తాగుదామని అక్కడే కారు ఆపారు. కాఫీ పళ్లు కలియదిప్పుతున్న ముసలాయనతో మాట కలిపి, జలపాతంలో నీళ్లే లేవని వాపోయారు.

"ఇప్పుడేటుంటాయి బాబూ? వానల్లో రావాల. గెడ్డ పొంగితే ఆ సప్పుడే వేరు."

"అయితే ఆగస్టులో వస్తాం తాతా!"

ముసలాయన నవ్వాడు. "మీరొస్తారు. మా పైగూడెం వోల్లే రాలేరు."

పైగూడెం ఆయన కొడుకుది. మధ్యలో గెడ్డ. వంతెన లేదు, రోడ్డూ లేదు. కోడలికి నొప్పులొచ్చిన రాత్రి డోలీ కట్టి మోసుకొచ్చారు. ఒడ్డుకు చేరేసరికి గెడ్డ పోటు మీదుంది. నీరు తీసేదాకా కూర్చోవడమే. తెల్లవారుజామున గట్టు మీదే బిడ్డ పుట్టాడు. ఆ పిల్లాడికిప్పుడు ఆరేళ్లు. తాత వెనక నిలబడి కెమెరా వంకే చూస్తున్నాడు.

వెట్టి చాకిరీతో రోడ్డు వేయించిన చోటే, వందేళ్లు దాటాక రోడ్డు కోసం ఎదురుచూసే గూడేలు ఇంకా ఉన్నాయి. పట్నం వాళ్లు ఫొటో కోసం వెతుక్కునే నీరే వాళ్ల దారికి అడ్డం.

మూడు కెమెరాల్లో కలిపి రెండొందలకు పైగా ఫొటోలు. అచ్చు వేయించదగ్గది ఒక్కటే... ఎర్రటి కాఫీ పళ్ల పక్కన గొంతుక్కూర్చున్న పిల్లాడిది. ఆగస్టులో వచ్చేటప్పుడు అది తెచ్చిస్తామన్నారు మిత్రులు.

"వానల్లో తేకండి బాబూ" అన్నాడు తాత. "గెడ్డ దిగాక తెండి. ఆల్లమ్మ కూడా సూస్తాది."

ఎలా వెళ్లాలి?

కొత్తపల్లి జలపాతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. విశాఖ నుంచి నర్సీపట్నం, లంబసింగి మీదుగా గానీ, పాడేరు, జి.మాడుగుల మీదుగా గానీ చేరుకోవచ్చు. వానలు తగ్గుముఖం పట్టాక, నవంబరు లోపు వెళ్తే నీళ్లుంటాయి. ఫొటోలకు పొద్దున్నే వెళ్లాలి, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకోవాలి. తడి బండలు జారతాయి, జాగ్రత్త. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చేయండి.