లక్ష పోసినా... నత్త నడకే!

మాదాపూర్ సైబర్ టవర్స్ కూడలిలో ఉదయంపూట ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చెవిలో ఫోను... అందరిదీ పరుగే! 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఈ భవనాన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ రాళ్లూ రప్పలే ఎక్కువ. ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా అద్దాల మేడలే.

ఇంత వేగంగా పరుగెత్తే చోట ఓ చిత్రమైన నిరాశ కూడా ఇంటింటా కాపురం చేసింది. ముచ్చటపడి కొన్న ఖరీదైన డెస్క్‌టాప్ కంప్యూటర్ బటన్ నొక్కి, టీ పెట్టుకుని, తాగి వచ్చినా తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఆ బాధ అందరికీ తెలిసొచ్చింది. ఆఫీసు ఇంటికొచ్చింది, బడీ ఇంటికొచ్చింది. మూలనున్న డెస్క్‌టాప్‌ల దుమ్ము దులిపారు. పాఠం మొదలయ్యాక గానీ కంప్యూటర్ తెరుచుకోదు. పరీక్ష రాసే పిల్లాడికి ఆ నాలుగు నిమిషాలు ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

వంటవాడు చురుకే... సరుకే రాదు!

తప్పు ప్రాసెసర్‌ది కాదు. అది సెకనుకు వందల కోట్ల లెక్కలు చేస్తుంది. చిక్కల్లా దానికి సమాచారం అందించే హార్డ్‌డిస్క్‌తోనే. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్ నుంచి సూత్రం ఒక్కటే. లోపల పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. గ్రామఫోన్ ముల్లులాంటి చేయి అటూ ఇటూ కదులుతూ కావాల్సింది వెతుకుతుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌లో కోరిన చోటు ముల్లు కిందికి రావడానికే సగటున ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. చేయి కదలడానికి పట్టే సమయం అదనం. అందుకే అక్కడక్కడా పడి ఉన్న చిన్న చిన్న ముక్కల్ని ఏరాలంటే సెకనుకు వంద దగ్గరే ఆయాసపడుతుంది. కంప్యూటర్ తెరుచుకోవాలంటే ఇలాంటివి వేలల్లో చదవాలి మరి. బిర్యానీ వండేవాడు ఎంత చురుకైనా, ఒక్కో దినుసుకీ ఓసారి బజారుకెళ్లి వచ్చే కుర్రాడు ఉంటే పొయ్యి మీద ఏముడుకుతుంది?

తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీకి ఈ వెతుకులాట లేదు. ఇలాంటి చిన్న ముక్కల్ని సెకనుకు వేలల్లో అందిస్తుంది.

మరి అంత ధర పెట్టి కొన్న పెట్టెలో పాత డిస్క్ ఎందుకుంది? అట్టపెట్టె మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్, తెర సైజు పెద్దక్షరాల్లో ఉంటాయి. పక్కనే '1 టీబీ' అని కనిపిస్తే కొనేవాళ్లకు సంబరం. 128 జీబీ ఎస్ఎస్‌డీ అంటే 'ఇంతేనా' అనిపిస్తుంది. ఎంత పడుతుందో అడిగారు గానీ, ఎంత వేగంగా ఇస్తుందో అడిగినవారు తక్కువ.

పేరున్న కంపెనీలూ మినహాయింపు కాదు. 2016 మేలో టిమ్ కుక్ స్వయంగా వచ్చి హైదరాబాద్‌లో మ్యాప్స్ కేంద్రాన్ని ప్రారంభించిన యాపిల్‌నే తీసుకోండి. 2019లో లక్ష దాటిన 4కె ఐమ్యాక్ ప్రారంభ మోడల్‌లో ఉన్నది 5400 చుట్ల డిస్కే! తెర జిగురుతో అతికించి ఉండటంతో ఇంట్లో విప్పి మార్చుకునే వీలూ తక్కువే. 2020 ఆగస్టులో గానీ ఐమ్యాక్‌లన్నిటికీ ఎస్ఎస్‌డీ తప్పనిసరి భాగం కాలేదు.

ప్యారడైజ్‌లో దిగితే...

విరుగుడు మాత్రం అదే మెట్రో దారిలో ఉంది. హైటెక్ సిటీ స్టేషన్‌లో బ్లూ లైన్ రైలెక్కితే దుర్గం చెరువు, పెద్దమ్మ గుడి దాటి అమీర్‌పేట వస్తుంది. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్ల అడ్డా అది. ఇంకాస్త ముందుకెళ్లి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. నగరవాసుల నోట 'సీటీసీ'. కంప్యూటర్ విడిభాగాలకు పెట్టింది పేరు. అద్దాల మేడలో రాసే ప్రోగ్రాములు నడిచే పెట్టెల్ని స్క్రూడ్రైవర్‌తో విప్పేది ఇక్కడే.

మామూలు డెస్క్‌టాప్‌కి ఈ వైద్యం సులువు. పక్క మూత తీసి, ఎస్ఎస్‌డీ బిగించి, విండోస్‌ని దానిమీదికి మారిస్తే చాలు. పాత ప్రాసెసరే కొత్తదానిలా కదులుతుంది. ముందుగా ఫొటోలూ పత్రాలూ వేరేచోట దాచుకోవడం మరవకూడదు. పాత డిస్క్‌నీ పారేయక్కర్లేదు. సినిమాలకూ, సీసీటీవీ రికార్డులకూ అది ఇప్పటికీ చౌకైన గోదామే. టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇక నమ్మొద్దు!

'ఇక ఇది పనికిరాదు' అనుకుని ఇంకో కంప్యూటర్ కోసం అప్పు చేసే ముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ ఖాళీగా ఉండి, డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటోందా? జబ్బు దొరికినట్టే. కొత్తది కొనేటప్పుడైనా 'ఎన్ని జీబీ' అనే ముందు 'ఏ డ్రైవు' అని అడగండి. అడగనివాళ్లకు తిరిగే చక్రమే మిగులుతుంది!