గుమ్మం మీద పేరు

ఇంట్లో కంప్యూటరు ఒకటీ, దాని మీద పనిచేసేవాళ్లు ఇద్దరూ అయితే వచ్చే చిక్కులు అనుభవించినవాళ్లకు గాని తెలియవు. మీరు నవ్వినా సరే, నా సంగతి చెప్పేస్తున్నాను.

పిల్లవాడు పుట్టినప్పుడు మా ఆవిడ ఉద్యోగం మానేసింది. వాడు బడికి పోవడం మొదలెట్టాక మళ్లీ ప్రోగ్రాములు రాస్తానన్నది. మా అపార్టుమెంటుకు వచ్చే నీళ్ల ట్యాంకర్ల లెక్కలు చూసే ప్రోగ్రాము ఒకటి మొదలుపెట్టింది. ఏ రోజు ఏమి మార్చామో పద్దు వేసి దాచే సాధనం గిట్. 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేశాడు. ఆ పద్దులను ఇంటర్నెట్టులో దాచుకునే చోటు గిట్‌హబ్. అక్కడ నాకు ఖాతా ఉంది. ఆవిడకూ ఒకటి తెరిపించాను.

2021 ఆగస్టు నుంచి అక్కడికి పద్దులు పంపాలంటే ఖాతా పాస్‌వర్డు పనికిరాదు. నేను ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు వాడుతున్నాను. అవి జంటగా పుడతాయి. రహస్యమైనది మన కంప్యూటరు దాటకూడదు. బహిరంగమైనది గిట్‌హబ్‌కు ఇవ్వాలి. ఉన్నది ఇద్దరికీ చాలదా అని నాదే ఆవిడ ఖాతాలో పెట్టబోయాను. ఇది ఇదివరకే వాడుకలో ఉన్నదని తోసిపుచ్చింది. సరే, ఆవిడకు వేరే జంట చేశాను.

అయినా చిక్కు తీరలేదు. ఇద్దరమూ పోవలసిన చిరునామా ఒకటే. కంప్యూటరు ముందుగా నా తాళంచెవినే చూపేది. అనుమతి లేదని జవాబు వచ్చేది. అందుకని కాన్ఫిగ్ ఫైలులో ఆ ఒక్క చిరునామాకే రెండు ముద్దుపేర్లు పెట్టి, ఏ పేరుతో పోతే ఆ తాళంచెవి తప్ప వేరొకటి చూపరాదని రాశాను. అంతే, ఆవిడ ఖాతా పేరు పెట్టి పలకరించింది! నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు నెలలు గడిచాయి. ఒక కంపెనీవారు, చేసిన పని చూపించమని ఆవిడకు రాశారు. ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ ఊసే లేదు.

"ఏమండీ, ఈ ప్రోగ్రాము ఎవరు రాశారు?"

"నువ్వే."

"మరి ఇదేమిటి?"

తెర మీద వరసగా 112 పద్దులు. ప్రతిదాని పక్కనా నా పేరు!

అప్పుడు తెలిసింది. లోపలికి ఎవరు రావచ్చునో తాళంచెవి చెబుతుంది గాని, పని ఎవరు చేశారో చెప్పదు. అది గిట్‌కు మనం చెప్పుకున్న పేరు, ఈమెయిలులను బట్టి పడుతుంది. అక్కడ ఏనాడో నా పేరు రాసి ఊరుకున్నాను.

"తాళంచెవి నా చేతికిచ్చారు, గుమ్మం మీద పేరు మాత్రం మీదే ఉంచుకున్నారు" అన్నది. కోపంగా అన్నా బాగుండేది. నెమ్మదిగా అన్నది.

ఆ రాత్రి నిద్ర లేదు. ఆవిడ ఫోల్డరులో ఏ పని జరిగినా ఆవిడ పేరే పడే ఏర్పాటు చేశాను. పాత పద్దులన్నీ తిరగరాశాను. అలా చేస్తే ప్రతి పద్దు గుర్తూ మారిపోతుంది. నలుగురు కలిసి చేసే పనిలో అయితే పెద్ద రభస. దాని మీద ఇంకెవరూ పనిచేయడం లేదు గనుక బతికిపోయాను.

తెల్లవారి ఆవిడ మొదటి పద్దు నుంచి చివరిదాకా తన పేరు చూసుకున్నది. ఏమీ అనలేదు. ఆ పూట కాఫీ నేనే కలిపి తెచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది.

"దీనికి మాత్రం మీ పేరే ఉండనివ్వండి" అన్నది.